మెరుపుకీ మోతకీ మధ్య

మా బావగారు పోయారు. అక్క ఫోన్‌లో ఇంతే చెప్పింది. వాకిట్లో మంచు ఎత్తి లోపలికొచ్చి, బూట్లు విప్పుకోవడానికి తలుపు పక్క బెంచీ మీద కూర్చున్నారట. ఒకటి విప్పారు. రెండోది కాలికే ఉంది. నేను “సరే, వస్తున్నా” అన్నాను, కొత్తిమీర తెమ్మంటే అన్నట్టు. కారు అద్దం మీది మంచు గీకాను. కెనడాలో మేముండే సస్కటూన్ ఊళ్ళో, వంతెన మీద రోజూ వెళ్ళే వేగంతోనే వెళ్ళాను. నాకు ఏడుపు రాలేదు. ఇది రాసే వేళకీ రాలేదు. ఈ మాట ఇక్కడ రాయవచ్చో లేదో కూడా తెలియడం లేదు.

ఇక్కడి మన తెలుగువాళ్ళ దీపావళి విందులకు వచ్చేవాళ్ళకు ఆయన “తుపాకి అంకుల్”. పిల్లలు పెట్టిన పేరు. ఆయన దగ్గర ఉన్నది పాతకాలపు పద్ధతిలో చేసిన చెకుముకి తుపాకి. గొట్టంలోకి పైనుంచి మందు పోసి, గుండు దించి, కర్రతో దట్టించాలి. ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి ఉక్కు పలకను గీస్తుంది. రవ్వలు పక్కనున్న చిన్న గిన్నెలోని మందు మీద పడి భగ్గుమంటాయి. ఆ మంట సన్నటి రంధ్రంలోంచి లోపలికి పోతే, అప్పుడు పేలుతుంది. వేటకు కాదు, ఊరి బయట క్లబ్బులో ఆదివారాలు కాగితం మీది నల్ల చుక్కను కొట్టడానికి.

“మీరు పేల్చేలోపు జింక పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేసేస్తుందండీ” అని ఎవరో అంటే, “అందుకేగా నాకు పాపం తగల్లేదు” అన్నారు బూరె తుంచుకుంటూ.

రిటైరయ్యేదాకా ఆయన ఉద్యోగం విత్తనాలు నాటే యంత్రాల కంపెనీలో, ఉక్కును కాల్చి గట్టిపరిచే విభాగంలో. అయినా మొదట కొన్నది ఫ్యాక్టరీలో చేసిన చవక తుపాకినే. దాని ఉక్కు పలక మెత్తన. రాయి గీస్తే గాట్లు పడేవి తప్ప రవ్వలు రాలేవి కావు. రిటైరయిన ఇంజనీరు ఊరుకుంటాడా? అక్క పులిహోర కలిపే స్టీలు గిన్నెలో బొగ్గు నింపి, అందులో ఆ పలకను పాతిపెట్టి, గరాజులో కొలిమి పెట్టారు. గిన్నె నల్లబడింది. తుపాకి ఒక వేసవంతా బ్రహ్మాండంగా పేలింది, ఆ తర్వాత మళ్ళీ మామూలే. “మెత్తటి ఇనుముకు చెప్పిన బుద్ధి పైపైనే ఉంటుంది” అన్నారు. “నా గిన్నెకు చెప్పిన బుద్ధి మాత్రం పోవట్లేదు” అంది అక్క. ఆ తర్వాతే ఆయన చేత్తో చేసిన మంచి తుపాకి కొనుక్కున్నారు.

కంటి ఆపరేషన్ తర్వాత ఆయన డ్రైవింగ్ మానేశారు. ఆదివారాలు నేను క్లబ్బుకు దింపేదాన్ని. కారులో కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. చలికి లోపలికి వెళ్ళడం, వెళ్ళాక ఒకసారి ఆయన తుపాకిని నేను పట్టుకోవడం, తర్వాత మరోసారి. ఎప్పుడు మొదలైందో చెప్పలేను. నాకు నచ్చిందా అంటే అదీ చెప్పలేను. కానీ ఆ కాసేపు తలలో ఏ ఆలోచనా ఉండేది కాదు.

నాకూ ఒకటి కొనాలన్న మాట వచ్చినప్పుడు నేను కేటలాగులో చవకది చూపించాను.

“ఈ సరదా ఎన్నాళ్ళుంటుందో నాకే తెలీదు బావగారూ. ఇది చాలు.”

“సరదా సంగతి తర్వాత. నీకు అనుమానం జబ్బు. ఆ జబ్బున్నవాళ్ళు నాసిరకం కొనకూడదు.”

“అదేం లెక్క?”

“గుండు తప్పింది. తప్పు నీదా, తుపాకిదా? వారమంతా అదే తల్చుకుంటూ కూర్చుంటావ్. మంచి తుపాకైతే ఆ గొడవే లేదు. తప్పు నీదే. హాయిగా నిద్రపోవచ్చు.”

“దాన్ని నిద్రపుచ్చడానికి తుపాకి కొనిపిస్తున్నారా? బాగుంది వరస” అంది అక్క వంటింట్లోంచి.

ఆయన నన్ను గరాజులోకి తీసుకెళ్ళి తలుపు దించి లైటు ఆర్పారు. మందు పెట్టకుండా ఆ పాత ఫ్యాక్టరీ తుపాకి ట్రిగ్గర్ నొక్కారు. ఎర్రటి రవ్వలు నాలుగు లేచి గాల్లోనే ఆరిపోయాయి. తర్వాత తనది నొక్కారు. కాకరపువ్వొత్తి వెలిగించినట్టు తెల్లటి రవ్వలు గిన్నెలోకి చిమ్మాయి, చిన్నగా సుయ్యిమన్న చప్పుడు కూడా విన్నాను. ఆయన లైటు వేశారు.

పక్క రాష్ట్రం ఆల్బర్టాలో ఒకాయన ఒక్కడే కూర్చుని ఇలాంటి తుపాకులు చేత్తో చేస్తాడు. ఆయనకు కొలతలు కావాలి. బావగారు అక్క జాకెట్ల టేపు తెచ్చి నా మోచేతి మడత నుంచి వేలి దాకా కొలిచారు.

“ఇన్నేళ్ళ కాపురంలో నా కొలత ఒక్కసారైనా పట్టారా?” అంది అక్క.

“నువ్వు పేలడానికి కొలతలెందుకే?”

నేను ప్రతిసారీ చేసే పొరపాటు ఒకటుంది. గిన్నెలో మందు ఎక్కువ పోస్తాను. రంధ్రం మూసుకుపోతుంది. మెరుస్తుంది కానీ పేలదు. “ప్రమిద కాదమ్మా, నింపకు” అనేవారు. మరో మాట ప్రతిసారీ అనేవారు: “మెరిసింది కదా అని దించెయ్యకు. మెరుపుకీ మోతకీ మధ్య కదలకు.” అక్కడ కదిలితే గురి పోతుంది. పేలకపోతే ఇంకా ముఖ్యం. ఎప్పుడు పేలుతుందో తెలియదు, గొట్టాన్ని ముందుకే పెట్టి ఆగాలి.

ఆయన పోయిన కొన్ని వారాలకు ఆల్బర్టా నుంచి ఫోన్ వచ్చింది, తుపాకి సిద్ధమైందని. ఆలోచించి చెబుతానని పెట్టేశాను. ఆయన లేకుండా అది నాకెందుకు? వద్దంటే ఆయన మాట కాదన్నట్టా? ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని చెబుతానన్నాను అక్కతో.

“నీ చెయ్యి కొలిచి చేసింది ఇంకెవరి భుజానికి ఆనుతుందే?” అంది, చపాతీ పిండి కలుపుతూ, నావైపు చూడకుండానే. “వెళ్ళి తెచ్చుకో.”

తెచ్చుకున్నాను. భుజానికి ఆనించి చూస్తే సరిగ్గా సరిపోయింది. అప్పుడూ ఏమీ అనిపించలేదు.

క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. సభ్యులెవరైనా పోతే, మంచు కరిగాక మొదటి ఆదివారం అందరూ వరసగా నిలబడి, గుండు లేకుండా ఒట్టి మందు పేలుస్తారు. ఆ రోజు ఎదుట కాగితాలు కట్టరు. అక్క ఎన్నడూ అక్కడికి రాలేదు, ఆ మోత తనకు పడదు. ఆ రోజు వచ్చింది. బావగారి కోటు వేసుకుని వెనకగా నిలబడి, ఎవరూ తుపాకి ఎత్తకముందే చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది.

అన్నీ ఒక్కసారిగా పేలాయి. నాది మెరిసింది. పేలలేదు.

దించలేదు. ఖాళీ పొలం వైపు గొట్టం పెట్టి అలాగే ఉన్నాను. వరసలో ఎవరూ కదల్లేదు, ఎవరూ నవ్వలేదు. చాలాసేపయ్యాక, గొట్టం పొలం వైపే ఉంచి, సన్నటి తీగతో రంధ్రం శుభ్రం చేశాను. నల్లగా, నిండా మందు రాలింది. తప్పు నాదే. తుపాకిది కాదు. ఇన్ని వారాల్లో నాకు అనుమానం లేకుండా తెలిసిన విషయం అదొక్కటే.

గిన్నెలో చిటికెడు పోశాను. నొక్కాను. మెరవగానే పేలింది, మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేకుండా. ఆయన చెప్పినట్టే, మంచి తుపాకి.

కోసిన గోధుమ మోళ్ళ మీదుగా, అక్కడక్కడా మిగిలిన మంచు మీదుగా పొగ మెల్లగా పోయింది. అందరూ తుపాకులు దించారు. ఒకాయన థర్మాస్ మూత తీశాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. అక్క పెద్ద కోటులో అక్కడే నిలబడి ఉంది, చెవుల్లోంచి ఇంకా వేళ్ళు తియ్యకుండా.