బావ తిప్పిన హ్యాండిల్

మొన్న మా అమ్మాయి కారు నల్లపొగ కక్కుతోందంటే, హనుమకొండలో హైదరాబాదు రోడ్డు మీద ఉన్న వర్క్‌షాపుకు నేనే తీసుకుపోయాను. అక్కడి మెకానిక్ బానెట్ ఎత్తనైనా ఎత్తకుండా స్టీరింగు కింద ఒక వైరు గుచ్చి, చేతిలో ఉన్న పలకలాంటి తెరను చూస్తూ నిలబడ్డాడు. ఇంజనులోకి డీజిలు ఏ క్షణాన చిమ్మాలన్నదాన్ని మేము టైమింగు అనేవాళ్లం. దాన్ని ఎక్కడ సర్దుతావని అడిగితే అతను నవ్వి, "అది మనం వెట్టేదేం లేదు సార్, స్పీడును బట్టి కంప్యూటరే ముందుకెనుకకు జరుపుకుంటది" అన్నాడు. నేను పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ ముందుకూ వెనక్కూ జరపడం కోసమే ఇరవై ఆరో ఏట నేను ఏడాదిపాటు పిచ్చివాడిలా తిరిగాను. దానివల్లనే మా బావ కుడిచేయి పనికిరాకుండా పోయింది.

అప్పుడు నేను వరంగల్లులో ఒక ఉస్తాద్ దగ్గర ఇంజన్లలోకి డీజిలు చిమ్మే పంపులు విప్పి బాగుచేసే పనిలో ఉండేవాణ్ణి. కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియని ఆ రోజులు నా ఈడువారికి గుర్తుండే ఉంటాయి. కొత్తవాడలో మా అక్కావాళ్లది నాలుగు మరమగ్గాల షెడ్డు. కరెంటు పోయినప్పుడల్లా మా బావ చేత్తో హ్యాండిల్ తిప్పి డీజిలు ఇంజను నడిపి, బెల్టు వేసి మగ్గాలాడించేవాడు. పొద్దంతా మరమగ్గాల మీద తువ్వాళ్లు నేసినా, ఆయన ప్రాణమంతా ఇంట్లో ఉన్న చేతిమగ్గం మీదనే ఉండేది. పంజా అనే ఇనుప దువ్వెనతో పోగులను కొట్టి బిగిస్తూ జంపఖానా నేస్తుంటే, పని ఉన్నా మరచిపోయి అలాగే చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఆ చిన్న ఇంజన్లలో టైమింగు ఒకేచోట బిగించి ఉంటుంది. డీజిలు కాస్త ఆలస్యంగా పడేటట్టు పెడితే హ్యాండిల్ తేలికగా తిరుగుతుంది గాని, వేగం అందుకున్నాక పొగ కక్కుతుంది, బలం ఉండదు. ముందుగా పడేటట్టు పెడితే బాగా లాగుతుంది గాని, స్టార్టు చేసేటప్పుడు పిస్టన్ పైకి చేరకముందే మంట అంటుకొని ఇంజను వెనక్కి తన్నుతుంది. అందుకని పంపును నడిపే పళ్లచక్రానికి రెండు చిన్న ఇనుప బరువులు, రెండు స్ప్రింగులు అమర్చి, వేగం పెరిగిన కొద్దీ బరువులు బయటికి జరిగి టైమింగును ముందుకు తిప్పేటట్టు, ఇంజను ఆగగానే స్ప్రింగులు వాటిని లోపలికి లాగేసేటట్టు ఒక సామాను గీసుకున్నాను. పెద్ద లారీలలో అటువంటివి ఉన్నాయి కాని, హ్యాండిల్ తిప్పే ఇంజనుకు నాకు తెలిసి మా ఊళ్లో ఎవరూ పెట్టలేదు. లేతు దగ్గర నిలబడి, చెడగొట్టి, మళ్లీ చేసి, చివరికి ఒకటి తయారుచేశాను.

ఉస్తాద్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బరువులు కదిలే పిన్నుల మీద ఆకురాయితో ఒక గీత గీసి, "పిన్నులు మెత్తగున్నయ్ బేటా, హార్డెనింగ్ జేయించకుంట ఎక్కడా బిగియ్యకు" అన్నాడు. పిన్నులను కొలిమిలో కాల్చి గట్టిపరిచే ఆ పని హైదరాబాదులో అయ్యేది, పది రోజులు పట్టేది. నేను పది రోజులు ఆగలేక దాన్ని బావ ఇంజనుకు బిగించేశాను. బావ ఇబ్బంది చూడలేకనే ఆగలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను గాని, నిజానికి నా సామాను తిరుగుతుంటే కళ్లారా చూసుకోవాలన్న ఆత్రమే అది.

నెల రోజులు అద్భుతంగా నడిచింది. పొగ తగ్గింది, మగ్గాలు ఒకే ఊపున ఆడాయి. వాడలో కనిపించినవాళ్లనందరినీ బావ షెడ్డుకు పిలుచుకొచ్చి, "మా బామ్మర్ది జేసిండు" అని చూపించేవాడు.

ఒక మధ్యాహ్నం నేను అక్కడ ఉండగానే కరెంటు పోయింది. ఎప్పటిలాగే బావ హ్యాండిల్ అందుకున్నాడు, ఇంజను తేలికగా తిరిగేందుకు లోపలి గాలి వదిలే లివరును నేను ఎత్తి పట్టుకున్నాను. ఇంజను పెద్దచక్రం వేగం అందుకోగానే ఆయన "ఇడువ్" అన్నాడు, నేను లివరు విడిచాను. ఇంజను ఒక్కసారి దగ్గి వెనక్కి తిరిగింది. స్టార్టు కాగానే దానంతట అదే ఊడిరావలసిన హ్యాండిల్ ఊడకుండా ఆయన చేతిని పట్టుకొని గిర్రున తిప్పింది. చప్పుడు విని ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చిన అక్కతో, నేల మీద కూలబడి ఉన్న బావ, "హ్యాండిల్ జారింది, ఏం గాలే, జర నీళ్లు తే" అన్నాడు. మోచేతి కింద ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చి ఉంది.

ఆయనను దవాఖానలో చేర్పించిన మర్నాడు నేనొక్కణ్ణే వెళ్లి ఇంజను విప్పాను. పిన్నులు అరిగి గాడి పడి, ఆ గాడిలో బరువులు ఇరుక్కొని, ఇంజను ఆగినా లోపలికి రాలేదు. టైమింగు ముందుకే ఉండిపోయింది. పాత పళ్లచక్రం బిగించి, నా సామాను సంచిలో వేసుకొని, ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను.

చేయి అతుక్కుంది గాని మణికట్టు మళ్లీ వంగలేదు, వేళ్లకు పట్టు రాలేదు. జంపఖానా మగ్గం సగం నేతతోనే చాలారోజులు ఉండి, తరువాత అటకెక్కింది. బావ ఒక బట్టల దుకాణంలో వాచ్‌మన్‌గా కుదిరాడు. మరమగ్గాల నడుమ ఆయన స్థానంలో అక్క నిలబడింది, ఇరవై ఏళ్లకు పైగా నిలబడింది. నేను మళ్లీ కొత్తది ఏదీ గీయలేదు. పుస్తకంలో ఉన్న కొలతలకు పంపులు సర్దుతూ ఉద్యోగం ముగించాను.

చాలా ఏళ్ల తరువాత ఒకనాడు ఇద్దరం చాయ్ తాగుతూ ఉండగా బావ ఉన్నట్టుండి, "ఆ సామాను ఏంజేసినవ్ రా?" అన్నాడు. "పారేసిన బావా" అన్నాను. "మంచిగ జేసినవ్" అని ఎడమచేత్తో కప్పు ఎత్తుకొని మిగిలిన చాయ్ తాగాడు. ఆ తరువాత రెండేళ్లకు పోయాడు.

చేయి ఎందుకు విరిగిందో అక్కకు మాత్రం ఈనాటికీ తెలియదు. పోయిన నెల ధైర్యం చేసుకొని ఆమె పక్కన కూర్చొని మొదలుపెట్టాను. "ఏందిరా? గట్టిగ జెప్పు" అంది. అన్నేళ్లు మగ్గాల మోతలో నిలబడి ఆమె చెవులు పోయాయి. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినబడదు. "మందులేసుకున్నవా?" అని అరిచి ఊరుకున్నాను.

ఆ షెడ్డు ఇప్పుడు నీళ్ల క్యాన్లు పేర్చుకునే గోదాము. వాడలో మగ్గాలు ఒక్కొక్కటే అమ్ముడుపోయి, పట్టపగలు కూడా మనిషి దగ్గు పక్కింటికి వినిపించేంత నిశ్శబ్దంగా ఉంటోంది. ఆ మోత ఉన్న రోజుల్లో పక్కనున్నవాడికి కూడా వినిపించకుండా ఆమె చెవిలో చెప్పుకోగలిగేవాణ్ణి. ఇప్పుడు చెబితే వాడంతా వింటుంది, ఆమెకు వినపడుతుందో లేదో.