టీచరుగారి ఎడమ చెయ్యి

సోమవారం పొద్దున్న ఆస్పత్రిలో డ్యూటీ దిగి చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ వచ్చింది. "మీ టీచరుగారు వెళ్లిపోయేరమ్మా" అన్నారు ఆవిడ భర్త.

మామిడికుదురులో నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. పదో తరగతితో మాన్పించేస్తామంటే మా అరుగు మీద కూర్చుని, "దీన్ని కాలేజీలో చేరుస్తానంటేనే లేస్తానండి" అని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూనే నాన్నతో పోట్లాడారు. నేను నర్సునయ్యాను.

రెండేళ్ల క్రితం ఆవిడ కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ మణికట్టు దగ్గర రెండు రక్తనాళాలను కలిపారు. మామూలుగా సన్నటి దారంతో కుడతారు. ఆవిడకు నూకగింజల్లాంటి లోహపు పిన్నులు వరసగా వేశారు.

"ఇన్నేళ్లూ పిల్లల పరీక్ష కాయితాలకి పిన్నులు కొట్టేనే అమ్మాయ్. ఇప్పుడు నాకే కొట్టేరు" అని నవ్వారు.

అక్కడ వేళ్లు ఆనిస్తే చర్మం కింద రక్తం జుమ్మని పారడం తెలిసేది. రోజూ లేవగానే ఆ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. ఆ చేతికి బిగుతుగా ఏదీ ఉండకూడదని గాజులు తీసేశారు. ఎవరైనా వింతగా చూస్తే, "కొత్త ఫ్యాషనండి" అనేవారు.

మా వదిన సీమంతానికి వచ్చారు. అమ్మ ఆవిడ కుడి చేతికి గాజులు తొడిగి, ఎడమ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఆ చేతికి వద్దే" అన్నాను.

"నువ్వూరుకో. ఒంటి చేతికి వేసి పంపిస్తానా టీచరుగార్ని? నిన్ను మనిషిని చేసేరు. ఏవండీ, నొప్పేవన్నా ఉందా అండీ?"

టీచరుగారు నా వైపు చూశారు. తర్వాత అమ్మ మొహం చూశారు. "నొప్పేం లేదండి, వెయ్యండి. ఈ పూటకేగా."

గాజులు చిన్నవి. అమ్మ సబ్బు రాసి ఎక్కించింది. నేను గట్టిగా ఇంకొక్క మాట అనాల్సింది. పేరంటాళ్ల ముందు అమ్మ చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాను.

అదే రోజు తీస్తే శుభం కాదని ఎవరో అన్నారట. ఆవిడ వాటితోనే పడుకున్నారు. తెల్లారి ఫోన్ చేసి, "అమ్మాయ్, చెయ్యి పలకటం లేదే" అన్నారు. పరుగెత్తి వెళ్లి వేళ్లు ఆనించాను. ఏమీ లేదు. పిన్నులు వేసిన చోట రక్తం గడ్డకట్టింది. కాకినాడ తీసుకెళ్లినా ఆ దారి మళ్లీ తెరుచుకోలేదు. మెడలో గొట్టం వేసి డయాలసిస్ చేశారు. గొట్టం దగ్గర చీము పట్టింది. జ్వరం ఇక తగ్గలేదు.

ఆఖరిసారి చూసినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మకి చెప్పకు. తెలిస్తే ఆవిడకి ముద్ద దిగదు. నేనూ వద్దనలేదు కదే" అన్నారు.

చెప్పనన్నాను. అమ్మకు చదవడం రాదు కాబట్టి ఇక్కడ రాయగలుగుతున్నాను. మా అమ్మ ఎదురైతే ఈ మాట ఎత్తకండి. మీ ఇంట్లో ఇలాంటి చెయ్యి ఉంటే, ఎంత ప్రేమతోనైనా దానికేమీ తొడగకండి. నాలాగా మొహమాటపడకండి.

ఇది రాస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"టీచరుగారి గురించేనా? మన సీమంతానికి వచ్చేరని రాసేవా?"

"రాసేనమ్మా."

"గాజులు వేస్తుంటే ఎంత నవ్వేరో, అది కూడా రాయి" అంటూ, ఆవిడ ఎలా చాపారో తన రెండు చేతులూ చాపి చూపించింది.