లంకలో డాబా ఇల్లు

మొన్న పొద్దున్న ఎదురింటివాళ్ళ మేడ పనికోసం ఒక లారీ గోదావరి ఇసుక తెచ్చి, వేరే చోటే లేనట్టు, సరిగ్గా మా గేటు ముందు గుమ్మరించి వెళ్ళింది. పాలపాకెట్టు కోసం బయటికొచ్చిన నేను ఆ డ్రైవరుకు నాలుగు చీవాట్లు పెడదామని నోరు తెరిచానే గాని, గుట్ట మీంచి జారి నా కాలికి తగిలిన పెంకు ముక్కను చూసి అన్నీ మరిచిపోయాను. ఎర్రటి ముక్క, అంచులరిగి నున్నబడింది. రాజమండ్రి చుట్టుపక్కల పెంకుటిళ్ళకేం కరువు, ఎక్కడిదైనా కావచ్చు. కాని గోదావరి కడుపులోంచి తోడుకొచ్చిన ఇసుకలో ఇంటి పెంకు కనబడితే మాబోటివాళ్ళ మనసు ఊరుకోదు. మా ఊరు ఆ కడుపులోనే ఉంది.

మాది లంక. గట్టుమీది ఊళ్ళలో పుట్టినవారికి లంకంటే వరదలప్పుడు టీవీలో కనబడే చోటు గాని, మాకది రెండు పాయల నడుమ గోదావరి తన చేత్తో పోసిన ఒండ్రు నేల, పడమట కోసుకుపోతూ తూర్పున మేట వేసుకుంటూ ఎప్పుడూ ఒకచోట కుదురుగా ఉండని నేల. మా సోషలు మాస్టారు ఎక్కడో ఉన్న అమెరికా దేశపు చరిత్ర, భూగోళం, జనాభా మాచేత వల్లె వేయించేవారు. మరి మన లంక విస్తీర్ణం ఎంతండీ అని ఒకసారి నేనడిగితే, ఏ ఏడాది సంగతి అడుగుతున్నావని ఎదురడిగి నవ్వారు. చరిత్రంటారా, ఏదో పెద్ద వరదలో నేల పోగొట్టుకున్న నాలుగు కుటుంబాలు ఎగువనుంచి పడవలో వచ్చి, రెల్లు కొట్టి, అరటి పాతాయని మా నాయనమ్మ చెప్పేది. ఇక జనాభాను మావాళ్ళు తలల లెక్కన చెప్పేవారు కారు, గడపల లెక్కన చెప్పేవారు.

ఆ గడపల సంగతి కాస్త చెప్పాలి. మా ఊళ్ళో ఇల్లంటే పాతుకుపోయేది కాదు, మోసుకుపోయేది. గోడలు మట్టివి; పైన వాసాలు, పెంకులు, దూలాలు అన్నీ విప్పుకునేటట్టే కట్టేవారు. కోత ఎవరి పెరటిదాకానైనా వచ్చిందంటే ఊరు ఊరంతా వచ్చి ఆ ఇంటిని విప్పేసి, తూర్పున కొత్త మెరక మీద మళ్ళీ నిలబెట్టేవారు. గోడలు గోదావరివి, కర్ర మనది అని మా నాయనమ్మ మాట. అన్నిటికంటే ముందు గడపతో సహా ద్వారబంధాన్ని ఊడదీసేవారు, కొత్తచోట ముందు దాన్నే నిలిపేవారు. ఇంకా గోడే లేవని ఖాళీ జాగాలో ఒక్క గుమ్మం నిలబడి ఉండేది, మా అమ్మ దాని గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి, లోపలికీ బయటికీ అందులోంచే నడిచేది. గోడ లేదు కదా అని మేము పక్కనుంచి దూరామో, వీపు చిట్లిపోయేది. అలా నా చిన్నతనంలో మా ఇల్లు మూడుచోట్ల నిలబడింది, మూడుచోట్లా అదే టేకు గడప. అందుకే మాకు ఇల్లు మారినట్టే ఉండేది కాదు.

మా నాన్నగారు ఊరికి పెద్ద. రావులపాలెం మార్కెట్టుకు మా గెలలు వెళ్ళాయంటే అక్కడివాళ్ళు లేచి వచ్చి చూసేవారు. మంచి మనిషే, కాని తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. నాకు పెళ్ళై రాజమండ్రి వచ్చిన కొత్తలో, కోత ఆగేటట్టు లంకకు పడమటివైపు రాళ్ళు పరిపించమని ఆయన ఆఫీసుల చుట్టూ తెగ తిరిగారు. ఒకచోట ఎవరో ఆఫీసరు, నిలకడ లేని ఇళ్ళకి రాళ్ళెవరు వేస్తారండీ అన్నాడట. ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగిపోయింది. మనం కదిలిపోతామని తెలిసే మనల్ని పట్టించుకోవడం లేదు, డాబాలు వేసి కూర్చుంటే ప్రభుత్వమే దిగివచ్చి రాళ్ళు వేస్తుంది, వెయ్యక ఎక్కడికి పోతుంది అని ఊరందరికీ నచ్చజెప్పారు. ముందు తానే వేశారు. సిమెంటూ ఇనుమూ పడవల్లో తెప్పించారు. ఇసుక ఎదురుగానే ఉందిగదా అని మా రేవు పక్కనే తవ్వించారు.

ఒక్క మా బాబాయి మాత్రం ఒప్పుకోలేదు. “గోదారితో పంతమేంటన్నయ్యా? మనం దాని దగ్గర అద్దెకున్నవాళ్ళం” అన్నాడు. అంతే, అన్నదమ్ములకు మాటల్లేవు. అమ్మ అడిగింది ఒక్కటే, గడపను మాత్రం ఊడివచ్చేటట్టు పెట్టించమని. మేస్త్రి నవ్వి, డాబా ఇంటికి అలా ఎవరు పెడతారమ్మా అని, ఇనుప పట్టీలు వేసి గడపను కాంక్రీటులో బిగించేశాడు. ఒకరిని చూసి ఒకరు, రెండు మూడేళ్ళలో సగం ఊరు డాబాలైపోయింది. మా బాబాయి పెంకుటిల్లు చూసి పిల్లలు కూడా వెక్కిరించేవారట.

తరవాత కోత హెచ్చింది. మావాళ్ళు తవ్విన ఇసుకవల్ల హెచ్చిందో, ఎగువన పెద్దవాళ్ళు తవ్విన ఇసుకవల్లో, గోదావరి బుద్ధే అంతో నాకు తెలియదు. ఒక వానాకాలంలో అరటితోట పోయింది, మరు వానాకాలానికి నీళ్ళు వాకిట్లోకి వచ్చాయి. రాళ్ళు రాలేదు. పడవలో ఆఫీసుల నుంచి నలుగురు వచ్చి, ఫోటోలు తీసుకుని, కొబ్బరిబొండాలు తాగి వెళ్ళారు. కబురంది నేను వెళ్ళేసరికి బాబాయి తన ఇల్లంతా ఒక్కరోజులో విప్పి పడవల్లోకి ఎక్కించేసి, సొంత అన్న గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. “వదినా, గడపైనా తీసుకుపోదామండి” అన్నాడు. నాన్నగారు గుమ్మం ముందునుంచి పక్కకు తప్పుకున్నారు. బాబాయి ఉలీ సుత్తీ పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. కాంక్రీటు పగలలేదు, టేకే పగిలింది. నాయనమ్మ కాలం నుంచి పసుపు తాగిన గడప నడిమికి చీలుతుంటే ఆ చప్పుడు విన్నాను, ఇప్పటికీ కట్టెలు చీల్చేచోట నిలబడలేను.

“ఇంక కొట్టకు బాబూ, అది రానంటోంది” అంది అమ్మ. లోపలికి వెళ్ళి పసుపు కలిపి తెచ్చి, ఆ చీలిక మీదే రాసి, బొట్లు పెట్టి, దాటి వచ్చి పడవెక్కింది. నాన్నగారు పడవలో ఊరివైపు వీపు పెట్టి కూర్చున్నారు. డాబా పడడం మేమెవరం చూడలేదు, పక్క లంకవాళ్ళు చూసి చెప్పారు. నాకు ఆయన మీద జాలి వేసింది, అంతకు మించి కోపమూ వచ్చింది. అమ్మా నాన్నగారూ ఇద్దరూ లేరు గనుక ఇప్పుడు చెబుతున్నాను, ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

ఆ పిమ్మట ఊరన్నది లేదు. కొందరికి గట్టు ఇవతల కాలనీలో ఇళ్ళిచ్చారు, కొందరు మార్కెట్లో గెలలు మోసే పనికి కుదిరారు, కొందరు హైదరాబాదులో వాచ్‌మెన్లయ్యారు. ఒకప్పుడు ఇళ్ళు కదిలినా మనుషులు ఒక్కచోటే ఉండేవారు. నాన్నగారు కాలనీలో ఎన్నాళ్ళో బతకలేదు, బతికినన్నాళ్ళూ వచ్చినవాళ్ళనల్లా రాళ్ళు వేశారా అని అడిగేవారు. ఏమీ మిగలని చోట ఎవరు వేస్తారు, ఎందుకు వేస్తారు? బాబాయి తన ఇంటిని గట్టుమీద ఊళ్ళో మళ్ళీ నిలబెట్టుకున్నాడు, వచ్చి ఉండమని అమ్మను బతిమాలాడు, ఆవిడ వెళ్ళలేదు. కాలనీ ఇంటికి గడప లేదు, సిమెంటు గీత ఒకటుండేది. శుక్రవారంనాడు అమ్మ పసుపుగిన్నె తీసుకుని ఆ గీత దాకా వచ్చి, కాసేపు నిలబడి, చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళిపోయేది.

చివరి రోజుల్లో ఆవిడ నా దగ్గరే ఉంది. మతిమరుపు వచ్చి మా పిల్లల పేర్లు కూడా పోయాయి గాని, పొద్దున్న లేవగానే “కోత ఎక్కడిదాకా వచ్చిందే?” అని మాత్రం అడిగేది. నేను కిటికీ తీసి వీధిలోకి తొంగిచూసి, “ఇంకా దూరముందమ్మా” అనేదాన్ని. అప్పుడు కాఫీ తాగేది.

ఇప్పుడు ఎవరి ఇల్లు చూసినా డాబాయే, ఎవరూ ఏదీ విప్పుకునేటట్టు కట్టుకోవడం లేదు, గుమ్మాల్లో గడపకు బదులు గ్రానైటు పలక వేసుకుంటున్నారు, మా ఇంట్లోనూ అదే. నిన్న రాత్రి వాన పడింది. పొద్దున్న తలుపు తీస్తే ఆ ఇసుక గుట్ట గేటు కింద నుంచి జారి మా మెట్టు దాకా వచ్చింది. ఇంకా దూరముందని నాకు చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.