రెండు గుమ్మాల సభ

కాత్ర్ బోర్న్‌లో సంత జరిగే రోజున మా వీధంతా సాయంత్రం దాకా కొత్తిమీర వాసన వేస్తూనే ఉంటుంది. అలాంటి ఒక మధ్యాహ్నం నేను వంటగదిలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటుంటే, లా చదువుతున్న మా మనవరాలు తన లాప్‌టాప్ తెచ్చి కూరల పక్కనే పెట్టి, తెల్లవాళ్లు మన నుంచి విడదీసిన చాగోస్ దీవుల సంగతి లండన్‌లో పెద్దల సభవాళ్లు మాట్లాడుకుంటున్నారు, చూస్తావా అమ్మమ్మా అని అడిగింది. ఎర్రటి తోలు బల్లలు, బంగారు పూత పూసిన గోడలు, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింటున్న తెల్లజుట్టు మనుషులు. మాటలన్నీ అయ్యాక వాళ్లు లేచి, కర్రలు ఊతం చేసుకున్నవాళ్లు కర్రలతోనే, సగంమంది ఒక వైపుకూ సగంమంది ఇంకో వైపుకూ నడిచి వెళ్లారు. అదే వాళ్ల ఓటట. చెయ్యెత్తితే పోయేదానికి ఈ ముసలివాళ్లను ఇంత నడిపించాలా అని మనవరాలు విసుక్కుంది. నేను మాత్రం చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాను, ఎందుకంటే ఆ నడక నేనింతకుముందు ఒకసారి చూశాను. లండన్‌లో కాదు, కార్తియే మిలితేర్‌లో, మా గుడి పక్కనున్న రేకుల హాల్లో.

మీలో ఆ మెరక ఊళ్లలో పెరిగినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, అక్కడ తడిబట్ట ఆరిందంటే ఆ రోజు దేవుడికి దండం పెట్టుకోవలసిందే. ఆ తేమ నా ఊపిరికి పడలేదు. నాన్న నా పసితనంలోనే పోవడం, ఉబ్బసంతో నేను మంచులో బడికి నడవలేకపోవడం రెండూ కలిసి నా చదువు ఇంట్లోనే సాగింది. మా పెద్దనాన్న పగలు చెరుకుతోటలో కూలీల మీద సర్దారు, సాయంత్రం గుళ్లో రామభజనానికి గురువు. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చెరుకుతోటల పనికి ఇండియా నుంచి వచ్చిన మా పూర్వీకులు ఓడలో తెచ్చిన చిల్లులు పడ్డ పుస్తకంలోంచి రామాయణం చెప్పేవాడు. ఇంట్లో అందరమూ దీవి వాడుకభాష క్రెయోల్ మాట్లాడుకునేవాళ్లం, తెలుగు దేవుడి దగ్గరా, పెద్దవాళ్లను పిలిచేటప్పుడూ మాత్రమే పైకి వచ్చేది. అలాంటి ఇంట్లో నాకు తెలుగు రాయడం చదవడం వచ్చిందంటే అది సింహాద్రి అప్పన్న దయ, మా పెద్దనాన్న ఓపిక.

ఇంగ్లీషు మాత్రం చిన్నాన్న చలవ. ఆయన రాజధాని పోర్ట్ లూయీలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. లండన్ పార్లమెంటులో ఎవరు ఏమి మాట్లాడారో అక్షరం పొల్లుపోకుండా అచ్చువేసిన పుస్తకాలు ఆ ఆఫీసుకు ఓడల్లో వచ్చేవి, కొత్తవి రాగానే పాతవి మూలపడేవి, పైఅధికారిని అడిగి ఆయన వాటిని ఇంటికి తెచ్చుకునేవాడు. ఏ కారణమో గాని అందులో పెద్దల సభవే ఎక్కువ దొరికేవి. అలా మిగిలిన పిల్లలు పిల్లి మీదా కుక్క మీదా పాఠాలు చదువుకునే వయసులో నేను ఆసుపత్రుల్లో నర్సుల కష్టాల మీదా, నదుల్లో చేపలు తగ్గిపోవడం మీదా ప్రభువులు చేసిన ప్రసంగాలు చదువుకున్నాను. నాకు అన్నిటికంటె వింతగా తోచింది వాళ్ల మర్యాద. ఎదుటివాడి మాటను ముక్కలు ముక్కలు చేయబోయే ముందు కూడా నా ఘనమిత్రుడు అనే మొదలుపెట్టేవారు. కొన్నాళ్లపాటు నేనూ చిన్నాన్నా అన్నాల దగ్గర ఒకరినొకరు ఘనమిత్రుడా అని పిలుచుకుంటూ పప్పు గిన్నె జరుపుకునేవాళ్లం, అమ్మ కోప్పడేదాకా.

ఆ సభ మీద అమ్మకు మాత్రం గట్టి అనుమానాలుండేవి. వాళ్లను జనం ఎన్నుకోరని, వాళ్లలో జీతం లేకుండా వచ్చి మాట్లాడే ముసలి డాక్టర్లూ జడ్జీలూ బిషప్పులూ ఉంటారని చిన్నాన్న భక్తిగా చెబుతుంటే ఆవిడ రొట్టెలు కాలుస్తూనే అడిగింది.

"ఎవరూ పిలవకుండానే వెళ్లి కూర్చుంటారా?"

"కొందరికి పుట్టగానే పిలుపొచ్చేస్తుంది, వదినా."

"సరే, అయితే మన పెద్ద బావగారు గుళ్లో కూర్చున్నట్టే."

పెద్దనాన్న వినీ విననట్టు మజ్జిగ తాగాడు. ఆయనను గుడి కమిటీకి పెద్దగా ఎవరైనా ఎన్నుకున్న గుర్తు ఎవరికీ లేదు, ఆయన కాకుండా ఇంకొకరు ఉండగలరన్న ఊహా లేదు.

మా దీవి స్వాతంత్ర్యం సంగతి ఆ సభ ముందుకు వెళ్లిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఒక్కసారైనా చెరుకు గడను కళ్లతో చూసి ఉంటారో లేదో తెలియని పెద్దమనుషులు, మేము ఇకనుంచి మా కాళ్ల మీద నిలబడవచ్చునా అని అక్కడ మాట్లాడుకుంటున్నారంటే నాకు కోపం రాలేదు, ఆ గదిలో ఒక మూల నిలబడి వినాలని మాత్రం ఉండేది. ఇక్కడేమో దీవి రెండుగా చీలిపోయి ఉంది. కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ ఒకే బస్సులో ఎదురెదురుగా కూర్చుని కిటికీలోంచి బయటకు చూసేవారు. రాజధానిలో గొడవలని విన్నాక చిన్నాన్న ఇంటికి చేరేదాకా అమ్మ దీపం ముందు నుంచి లేచేది కాదు. ఎవరు ఏ వైపో బయటకు చెప్పకపోవడమే మంచిదని అందరూ అనుకుంటున్న కాలమది.

సరిగ్గా అప్పుడే మా హాల్లో సాయంత్రాలు తెలుగు చెప్పే మాస్టారికి సర్కారు బడిలో ఉద్యోగం వచ్చి దీవి ఉత్తరాన ఉన్న పిటాన్‌కు వేశారు. ఆయన వెళ్లిపోయాక పలకలు గోడకు ఆనించి అలాగే ఉండిపోయాయి. పిల్లలు గోవిందా గోవిందా అని గొంతెత్తి పాడేవారు గాని, పాటలో రెండో చరణం మొదలయ్యేసరికి పెదవులు మాత్రమే కదిపేవారు. ఆ క్లాసు నాకిమ్మని నేను అడిగాను. నాకు అప్పటికి పెళ్లి కాలేదు, బడి గడప తొక్కినదాన్ని కాదు, చేతిలో ఒక్క సర్టిఫికెట్టు లేదు. అయినా నా జన్మకు ఏదైనా పని రాసిపెట్టి ఉంటే అది ఇదేనని నాకు తోచింది, అది దక్కకపోతే ఆ తేమ ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని దగ్గుకుంటూ ముసలిదాన్నయిపోతానని లోలోపల భయమూ ఉండేది.

కమిటీలో పెద్ద రభస అయింది. ఆడపిల్ల అని కొందరు, బడికి పోని మనిషి బడి ఎలా చెబుతుందని కొందరు, దీవే గొడవల్లో ఉంటే మనకిప్పుడు ఈ గొడవెందుకని ఇంకొందరు. ఒకరి మాట మీద ఒకరు పడి అరుచుకున్నారేగాని తెగలేదు. అప్పుడు కార్యదర్శిగా ఉన్న చిన్నాన్నకు తన పుస్తకాలు గుర్తొచ్చాయి. వచ్చే ఆదివారం భజన అయ్యాక సభ పెడదాం, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నోరెత్తకూడదు, కోపమొచ్చినా ఘనమిత్రుడనే అనాలి, చివరికి చేతులెత్తకుండా లేచి నడవాలి, తృప్తి అయినవాళ్లు ముందు గుమ్మంలోంచీ తృప్తి లేనివాళ్లు వెనక గుమ్మంలోంచీ బయటకు వెళ్లాలి, ఆ పెద్ద సభలో ఔను కాదు అనరు, తృప్తి ఉందనో లేదనో అంటారు అని వివరంగా చెప్పాడు. జనం కొత్త ఆట దొరికినట్టు సరేనన్నారు.

ఆ ఆదివారం వాన. ఎంత వానంటే రేకుల మీద చప్పుడుకు మృదంగం వినపడలేదు. హాలు మాత్రం నిండిపోయింది, నేను ఆడవాళ్ల వైపు అమ్మ వెనక కూర్చుని కొంగు చివర నలుపుకుంటూ ఉన్నాను. ఆశ్చర్యమేమిటంటే చిన్నాన్న పెట్టిన పద్ధతి ప్రకారం అందరూ బుద్ధిగానే మాట్లాడారు. నాకు వ్యతిరేకంగా అందరికన్నా గట్టిగా అరిచిన దుకాణం ఆయన కూడా, నా ఘనమిత్రుడి అన్నకూతురు మంచిదే కానీ, అని మొదలుపెట్టి, ఆ తర్వాత ఏమనాలో తోచక కూర్చున్నాడు. పెద్దనాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన నా వైపేనన్నది నేను వేరే అనుకోవలసిన పనే లేదు, నాకు అక్షరాలు దిద్దించినవాడు.

చిన్నాన్న లేచి, ఇక నడవండి అన్నాడు.

ఆయన ఏర్పాటులో ఒక సంగతి ఎవరూ ఆలోచించలేదు. హాల్లోకి వచ్చినవాళ్లందరూ చెప్పులు ముందు గుమ్మం దగ్గరే విప్పారు. వెనక గుమ్మం ప్రసాదం వండే పాక వైపు తెరుచుకుంటుంది, ఆ రోజు అక్కడ మడమ లోతు ఎర్ర బురద. జనం లేచారు, రెండు గుమ్మాల వైపూ చూశారు, తర్వాత నెమ్మదిగా అందరూ ముందు గుమ్మం వైపే కదిలారు. దుకాణం ఆయన కాసేపు మధ్యలో నిలబడ్డాడు.

"ఏం మావా, నువ్వు అటుకదా?" అని ఎవరో అన్నారు.

"నా సవాత్ ఇటుంటే నేను అటెలా పోతాను? ఈ వాన, ఈ లాప్లి కనపడట్లేదా నీకు?"

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వుతూనే తన చెప్పులున్న చోటుకు నడిచాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ముందు అరుగు మీద ఇసుక వేస్తే రాలనంత మంది, ఇంకా వస్తున్నారు, నా గుండె నిండిపోయి ఏ దేవుడికి ముందు మొక్కాలో తెలియడం లేదు. అప్పుడు లోపల ఖాళీ అయిన చాపల మధ్య పెద్దనాన్న ఒక్కడే కనిపించాడు. పంచె పైకి ఎగ్గట్టుకుని, దేవుడి పటానికి దండం పెట్టి, ఒట్టి కాళ్లతో వెనక గుమ్మంలోంచి ఆ బురదలోకి దిగిపోయాడు.

చిన్నాన్న ముఖం వెలవెలబోయింది. చెప్పుల వల్ల తప్పు జరిగింది, మళ్లీ నడుద్దామని ఆయన అంటుండగానే వెనక కిటికీలోంచి పెద్దనాన్న గొంతు వినిపించింది.

"తమ్ముడూ, సభ అయిపోయింది. అమ్మాయి చెబుతుంది."

నేను ఆయన చెప్పులు వెతికి తీసుకుని, అమ్మ పిలుస్తున్నా ఆగకుండా హాలు చుట్టూ తిరిగి వెళ్లాను. ఆయన పాక చూరు కింద నిలబడి వానను చూస్తున్నాడు. నాకు ఏడుపు వస్తోంది, దగ్గూ వస్తోంది. ఆయన చూరు నీళ్లలో కాళ్లు కడుక్కుని చెప్పులు తొడుక్కుని అన్నాడు.

"నీకు రాదని కాదమ్మా. నీకు నేర్పినవాడికి ఎంత వచ్చో నాకు తెలుసు. మా నాన్న చెప్పింది చెవితో విన్నాను, సగం గుర్తు, సగం నేను కలిపిందే. ఆ తప్పులు ఇంతమంది పిల్లల నోళ్లకెక్కితే ఎవరు దింపుతారు?"

తర్వాత ఆయనే, క్లాసుకు ముందు రోజూ నాకు పాఠం అప్పజెప్పు, నాకూ నీకూ తెలియనిచోట తెలియదని పిల్లలకు చెప్పు, తెలిసినవాళ్లు వచ్చాక అడుగుదాం అన్నాడు. అలాగే చేశాం. మా బిల్లు లండన్‌లో ఆ పై సభ కూడా దాటిందని చిన్నాన్న బస్సు దిగి గొడుగు మూయడం కూడా మరిచిపోయి చెప్పిన సాయంత్రం, నేను పెద్దనాన్న ముందు కూర్చుని గుణింతాలు అప్పజెబుతున్నాను. కొత్త జెండా ఎగిరిన వారంలోనే నా మొదటి క్లాసు జరిగింది. తరువాత ఇండియా నుంచి వచ్చిన పండితుడొకరు మా పాటలు విని చాలాచోట్ల సరిదిద్దారు, కొన్నిచోట్ల మాత్రం మీరు పాడేదే పాత పాఠం, మార్చకండి అన్నారు. ఆ మాట విన్నాక పెద్దనాన్న ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

చెప్పుల సంగతి నిజంగా తట్టలేదా అని చిన్నాన్నను చాలాసార్లు అడిగాను. ఆ సభలో జోళ్లు విప్పరు కదమ్మా, పుస్తకంలో రాయలేదు, నాకేం తెలుసు అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నమ్మాలనీ అనిపించేది, నమ్మకూడదనీ అనిపించేది. ఆయన పోయేదాకా నాకది తేలలేదు.

ఆ క్లాసు నేను నా ఊపిరి సహకరించినంత కాలం చెప్పాను, తర్వాత నా శిష్యులు చెప్పారు. పోయిన నెలలో దాన్ని ఆపేశారు. పిల్లలు బడిలోనే నేర్చుకుంటున్నారు, హాలు పెళ్లిళ్లకు పనికొస్తుంది, కారణాలన్నీ సబబైనవే, నేను ఎవరినీ తప్పుపట్టను. ఫోన్లలో ప్రశ్న పంపారట, అందరూ ఉన్నచోటనే వేలితో నొక్కారట, ఒక్క పూటలో తేలిపోయింది. ఆపొద్దన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను, కొద్దిమంది ఉన్నారని, పేర్లు కనపడవని చెప్పారు. అదే మంచి పద్ధతి కావచ్చు, ఎవరికీ ఎవరి మీదా మనసులో ఏమీ ఉండదు. కానీ ఆ కొద్దిమంది ఎవరో, ఏ ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఆ వేలు నొక్కారో తెలిస్తే, వానైనా సరే, వాళ్ల గుమ్మం దాకా వెళ్లి ఎందుకు ఆపొద్దనుకున్నావు నాయనా అని ఒక్కమాట అడిగి వచ్చేదాన్ని.