గురువమ్మ మిగిల్చిన సగం గంజి

గురువమ్మ పిన్ని చేత ఒక్కసారైనా "ఏమో బాబూ, నాకు తెలీదు" అనిపించాలని నేను చాలా ఏళ్లు పాడుచేసుకున్నాను. నేను ఈ దీవిలో, బాంబూఫ్లాట్ బడిలో సైన్సు మాస్టారిని. వరండాలో బారోమీటరు వేలాడదీసుకుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ వాతావరణం చెప్పే రకం. ఆవిడ మా పక్కింటావిడ. భీమిలి దగ్గర పల్లె నుంచి మొగుడు అప్పలరాముడితో, వలల మూటతో ఓడెక్కి వచ్చింది.

రోజూ తెల్లారగానే మొగుడి పడవ ముక్కు మీద, తర్వాత మరిది నూకన్న పడవ ముక్కు మీద చెయ్యి వేసేది. "గంగమ్మ సేతిలో ఎల్లు, గంగమ్మ సేతిలో రా" అనేది. వాళ్లింట్లో ఆనవాయితీ ఒకటుంది. ఆ మాట అన్న మనిషి, పడవ ఒడ్డు తగిలేదాకా ముద్ద ముట్టకూడదు. పొద్దు వాలినా సరే, మంచినీళ్లే.

నాకు ఒళ్లు మండేది.

"పిన్నీ, వల నిండితే గంగమ్మ దయ అంటావు. ఖాళీగా వస్తే గంగమ్మ పరీక్ష అంటావు. ఎటు తిరిగినా నీ మాట తప్పదు. అసలు ఏం జరిగితే తప్పయిందని ఒప్పుకుంటావు? నన్ను చూడు, వానంటే వాన పడాలి. లేకపోతే నాది తప్పే."

"అదే గద బావూ, నీది రోజూ తప్పే!" అని ఫెర్రీ కోసం నిలబడ్డవాళ్లంతా తిరిగి చూసేలా నవ్వేది.

అరవై తొమ్మిదో సంవత్సరం నవంబరులో ఒకరోజు నా బారోమీటరు చూసి, "బేఫికర్‌గా వెళ్లు చిన్నాన్నా, ఏ భయమూ లేదు" అని అప్పలరాముడికి చెప్పింది నేనే. మధ్యాహ్నానికి గాలి లేచింది. నూకన్న పడవ వచ్చింది. అప్పలరాముడిది రాలేదు.

మూడు రోజులు అందరూ వెతికారు. ఒక తెడ్డు దొరికింది, అంతే. నాలుగో రోజు ఆడవాళ్లు గంజి తెచ్చి బతిమాలారు. ఆవిడ ముట్టలేదు. సిగ్గు చంపుకుని నేనూ వెళ్లాను.

"తిను పిన్నీ. నీ మాట తప్పిందని ఎవరూ అనరు."

"తింటే నానే అన్నట్టు గద బావూ" అంది.

ఏం జరిగితే తప్పని ఒప్పుకుంటావన్న నా ప్రశ్నకి జవాబు అదేనని అప్పుడు తెలిసింది. నేను సముద్రంలో వెతుకుతున్నాను. అది ఆవిడ ముందున్న గిన్నెలో ఉంది.

అయిదో రోజు నూకన్న వేటకి పోక తప్పలేదు. పడవ నీళ్లలోకి తోశాడు గానీ ఎక్కలేదు. మొగుడు తిరిగిరాని మనిషి పడవ ముట్టకూడదని పెద్దలు గొణిగారు. నూకన్న వినలేదు.

"వదినా, నువ్వు రాందే నాను ఎల్లను."

గురువమ్మ గోడ పట్టుకుని లేచింది. మోకాలి లోతు నీళ్లలోకి దిగి పడవ ముక్కు మీద చెయ్యి వేసింది. "గంగమ్మ సేతిలో ఎల్లు, గంగమ్మ సేతిలో రా." అదే మాట, అదే గొంతు, ఒక్క అక్షరం వణకలేదు. నేనైతే ఆ నోటితో ఆ మాట అనగలనా?

సాయంత్రం నూకన్న క్షేమంగా వచ్చాడు. ఆవిడ గిన్నెడు గంజి తీసుకుని సగం తాగి, సగం పక్కన పెట్టింది.

"తాగింది నూకన్నది. మిగిలింది మీ సిన్నాన్నది. ఆడింకా రాలేదు" అంది.

ఆ తర్వాత ఇరవై ఏడేళ్లు చేపల గంప మోసింది, కూతురు కామమ్మకి పెళ్లి చేసింది, మనవల్ని ఎత్తుకుంది. ఏ పూటా గిన్నె పూర్తి చెయ్యలేదు. పెళ్లి విందులోనూ సగమే. నేను మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు. బడిలో రుజువంటే ఏమిటో చెబుతూ చెబుతూ ఆగిపోయేవాణ్ణి. పిల్లలు మాస్టారికి మతిమరుపనుకునేవారు.

తొంభై ఆరో సంవత్సరం వానల్లో ఆవిడ మంచం పట్టింది. ఒక పొద్దున నేను చూడబోయేసరికి కామమ్మ నీళ్లకి వెళ్లింది. పిన్ని కళ్లు తెరిచి గిన్నె చూపించింది.

"బావూ, ఇయ్యాల గిన్నె నిండా గంజి పొయ్యి."

చిన్నాన్న వస్తున్నాడని నీకెవరు చెప్పారు, ఎలా తెలుసు అని నేను అడగలేదు. అంచుదాకా పోశాను. ఆవిడ అడుగంటా తాగి, ఖాళీ గిన్నె నా చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

నేను గిన్నెతోనే బయటికి వచ్చాను. అప్పలరాముడి పడవ కనిపిస్తుందేమోనని ఒడ్డుకేసి చూశాను.