యాదయ్య ఇంట్లో నిద్ర

భార్య పోయి రెండేళ్లయినా నా సైకిల్ షాపు తాళం తీయలేదు. రెండు వేల పదకొండులో ఒంగోలు నుంచి షామీర్‌పేటకు పెళ్లికి వెళ్తుంటే, మేడ్చల్ ఆటోలో పక్కన కూర్చున్న యాదయ్య, చెరువులో చేపలు పట్టేవాడు, నా సంగతి విని అదిరిపడ్డాడు.

"నిన్ను ఎవ్వలూ నిద్రకు తీస్కపోలేదా పెద్దాయనా?"

ఇంట్లో మనిషి పోతే, మిగిలినవాళ్లను చుట్టాలు తీసుకెళ్లి తమ ఇంట ఒక రాత్రి పడుకోబెట్టడం అక్కడి ఆచారమట.

"మూఢనమ్మకం!" అని కసిరాను. "మంచం మారితే ఆవిడ తిరిగొస్తుందా?"

"అక్క రాదు. నువ్వన్న బయటికి రావాలె గదా! ఇగ నడువు మా ఇంటికి."

"నేనెవరో నీకు తెలుసా?"

"గురక వెడ్తవా? గదొక్కటి జెప్పు."

పెళ్లి భోజనం కాగానే వాళ్లింటికే వెళ్లాను. బారెడు పొద్దెక్కాక యాదయ్య భార్య లేపింది.

"ఏం గురకనే అన్నా!"

ఒంగోలులో బస్సు దిగి నేరుగా షాపుకు నడిచాను. తాళం తుప్పుపట్టి రాలేదు. రాయితో పగలగొట్టాను.