పదో కణుపు దాకా

సిడ్నీలో మా యూనివర్సిటీ ల్యాబ్ చూసుకునే అక్కది గుంటూరు వైపు. చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో ఊపిరితిత్తుల కణాల్ని పొరలా పెంచి, పైన ఇన్‌హేలర్ మందు చల్లి, ఎంతసేపటికి ఎంత కిందికి దిగిందో కొలవడం మా పని. టైమర్ మోగగానే శాంపిల్ తీయాలి. అక్క ఏనాడూ ఒక్కటి తప్పనివ్వలేదు.

మందు చల్లిన ప్రతిసారీ ఆవిడ ఊపిరి బిగబట్టి, వేళ్ల కణుపుల మీద పది లెక్కపెట్టేది.

"ఈ కణాలకి ఊపిరెక్కడిదక్కా?" అని నవ్వానోసారి.

"వాటికి లేదు. పీల్చేవాళ్లకి ఉంటుందిగా."

అడవులు తగలబడి ఊరంతా పొగ కమ్మిన రోజు నాకు ఆయాసం వచ్చింది. ల్యాబ్ బయట కారిడార్‌లోకెళ్లి నా ఇన్‌హేలర్ ఒక్క నొక్కు నొక్కి, వెంటనే "శాంపిల్ టైమవుతోందక్కా!" అని కేకేశాను.

అక్క బయటికొచ్చింది. "ఎప్పట్నుంచి ఇలా వాడుతున్నావు?"

"చిన్నప్పట్నుంచీ."

"రెండేళ్లుగా మందు కొలుస్తున్నావు. నీ మందంతా నాలిక మీదే ఉండిపోతోంది కదరా! ఇంకోటి పీల్చు. పది లెక్కపెట్టేదాకా నోరు తెరిచావంటే ఊరుకోను."

నా ఎదురుగా తనూ ఊపిరి బిగబట్టింది. లోపల టైమర్ మోగింది. నేను కంగారుగా అటు చూశాను. అక్క మాత్రం ఆరో కణుపు మీంచి వేలు తాపీగా ఏడో కణుపు మీదికి జరిపింది.